గడువు తీరని గొంతు

ఇవాళ్టితో ఆమె స్కోరు గడువు తీరింది.

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిషు పరీక్ష ఫలితానికి ఆయుర్దాయం రెండేళ్లు. పరీక్ష రాసినవారు విదేశీ విశ్వవిద్యాలయంలో చేరినా, ఇంట్లోనే కూర్చున్నా ఆ కాగితం విలువ రెండేళ్ల వరకే. తరువాత దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆమె చివరిసారి రాసిన పరీక్ష ఫలితం తేదీ నాకు తెలుసు. ఆమె మరణించిన తేదీ కూడా తెలుసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మనిషి పోయిన తరువాత కూడా ఆమె చక్కగా ఇంగ్లిషు మాట్లాడగలదన్న ధ్రువీకరణ ఏడాదికి పైగా చెల్లుబాటులో ఉన్నదని తేలుతుంది. ఆ మధ్యకాలాన్ని ఏమని పిలవాలో నాకు తెలియదు. ఉద్యోగ జీవితమంతా డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం బోధించాను. తేదీ లేని సంఘటనను, అంకె లేని అభిప్రాయాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. అయినా ఆ మధ్యకాలంలో జరిగినదానిని గడువు తీరిన ఈ రోజున రాసి పెట్టడం అవసరమనిపించింది.

ఉద్యోగ విరమణ తరువాత హనుమకొండ చౌరస్తా దగ్గర, ఒక మేడమీద నడిచే కోచింగ్ సెంటరులో మధ్యాహ్నాలు పనిచేసేవాణ్ని. పై చదువులకు విదేశాలకు వెళ్లదలచిన పిల్లలు అక్కడికి వచ్చేవారు. నాకు అప్పగించిన పని రెండే: నమూనా పరీక్షలకు గడియారం చూడడం, మార్కులు లెక్కకట్టడం. వినడానికి అరగంట, చదవడానికి గంట, రాయడానికి గంట, మాట్లాడడానికి పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు. వినే విభాగంలో రికార్డింగును ఒక్కసారే వినిపిస్తారు. తప్పిపోయిన మాట మళ్లీ రాదు. ఒక్కొక్క విభాగానికి తొమ్మిది వరకు బ్యాండ్లు. నాలుగింటి సగటులో పావు మిగిలితే అరకు, ముప్పావు మిగిలితే పై అంకెకు పెంచుతారు. ఈ సవరణంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. లోకంలో మరెక్కడా పావును అరగా చేసే దయ నేను చూడలేదు.

మాట్లాడడం నేర్పేది ఆమె. ఆమె అన్నగారిది అక్కడికి రెండు వీధుల అవతల స్టీలు సామాన్ల దుకాణం. దాని పైగదిలో ఆమె ఉండేది. అంతకు మించి ఆమె జీవిత విశేషాలు నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎప్పుడూ సన్నంచు నేతచీర, పిడికిట్లో సోంపు, ఎడమచేతికి మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద గడియారం. ఎవరింటి అన్నం డబ్బా అయినా మూత తీసి చూసే చనువు.

"ఇయ్యాల ఏం తెచ్చినవ్‌రా? మళ్ల టమాటనేనా? మీ అమ్మకు ఇంకో కూర రాదా ఏంది?"

"టమాట అగ్గువున్నది మేడం."

"నీ ఇంగ్లిష్ గూడ గట్లనే అగ్గువకు మాట్లాడుతానవ్. జర మంచి మాటలు కొనుక్కో."

పిల్లలు నవ్వేవారు. ఆమె కూడా నవ్వుతూనే లేచి మాట్లాడే పరీక్ష గదివైపు నడిచేది. ఆ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలన నేను గడియారంతో కూర్చునే స్టూలు. గడప ముందు ఆగి ఆమె చేతిగడియారం విప్పేది. గడప దాటి బల్ల దగ్గర కూర్చునేసరికి ఆ ముఖంలో ఎవరూ ఉండేవారు కారు. ఇంతకుముందే ఎవరి డబ్బాలోంచి ముద్ద తీసుకుని తిన్నదో ఆ అబ్బాయినే చూసి, ఎన్నడూ చూడని మనిషిని అడిగినట్టు, ఇంగ్లిషులో పూర్తి పేరు అడిగేది. గుర్తింపు కార్డు చూపమనేది. కార్డు మీది ఫోటోను చూసి, అతని ముఖాన్ని చూసి, రెండూ ఒకరివేనా అని అనుమానించినట్టు కాసేపు ఆగేది.

"ఆ గదిల నేను మీ మేడంను కాను. మీ మేడం బయటనే ఉన్నది. లోపటున్న ఆమెకు మీరెవరో తెల్వదు. పరిచయం పట్టుకొని రాకండ్రి" అని మొదటిరోజే హెచ్చరించేది. లోపల నవ్వదు, తల ఊపదు. కారణం అడిగితే బయటికి వచ్చాక చెప్పేది: "నేను తలూపితే మీరు నా తల చూసుకుంట మాట్లాడుతరు. అక్కడ తలూపెటోళ్లు ఉండరు బిడ్డా. తప్పు మాట్లాడుండ్రి, కని ఆగకుండ్రి."

పరకాల నుంచి వచ్చే అబ్బాయి ఒకడు ఒకనాడు ఉండబట్టలేక అన్నాడు: "మేడం, లోపల మీరు మా తాత ఫోటో లెక్క చూస్తరు. దండ ఒక్కటే తక్కువ."

అందరికంటే ఎక్కువగా ఆమే నవ్వింది. "దండ గూడ ఏపిచ్చుకుంట, జర ఆగు."

ఆమెకూ నాకూ ఒకే విషయంలో పడేది కాదు. మాట్లాడే పరీక్షలో అభ్యర్థి చెప్పింది నిజమా అబద్ధమా అని ఎవరూ చూడరు. ధారాళంగా చెప్పాడా, మాటల ఎంపిక ఎలా ఉంది, వ్యాకరణం, ఉచ్చారణ సరిగ్గా ఉన్నాయా అన్నదే చూస్తారు. మీకు ఇష్టమైన ప్రదేశాన్ని వర్ణించండి అని కార్డు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం, మాట్లాడడానికి రెండు నిమిషాలు. చూడని సముద్రాన్ని చూసినట్టు చెప్పినా మార్కు తగ్గదు. పిల్లలకు ఆమె ఆ విద్యే నేర్పేది. ఖిలా వరంగల్ తోరణాల గురించి ఎవరైనా నిజం చెప్పబోయి తడబడితే ఆపేసి, "అక్కడ నీకు పెండ్లయిందని చెప్పు. మాటలు అవ్వే వస్తయ్" అనేది.

ఇది న్యాయం కాదని నేను అన్నాను.

"సార్, అది భాష పరీక్ష. పోలీస్ స్టేషన్ కాదు."

రెండేళ్లకొకసారి, పాత స్కోరు గడువు తీరేలోగా, ఆమె స్వయంగా వెళ్లి పరీక్ష రాసి వచ్చేది. ఏ దేశానికీ దరఖాస్తు పెట్టలేదు. పాస్‌పోర్టు కూడా పరీక్షలో గుర్తింపు కోసమే. ఎందుకమ్మా అని అడిగితే, "నేర్పెటోళ్ల దగ్గర పాత స్కోరు ఉంటే పిల్లలు నమ్ముతరా సార్?" అనేది. అది సగం జవాబని నాకు తెలుసు. తక్కిన సగం ఒక మధ్యాహ్నం టీ తాగుతూ తానే చెప్పింది. ప్రతిసారీ అక్కడ వేరే మనిషిగా మాట్లాడి వచ్చేదట. ఒకసారి సముద్రపు ఒడ్డున ఇల్లున్నదని, ఒకసారి కవల పిల్లలున్నారని, ఒకసారి భర్త ఓడలో పనిచేస్తాడని.

"వాళ్లు మాట్లాడే పరీక్షను రికార్డు చేస్తరు కద సార్. అంటే వాళ్లందరు ఏడనో ఒకకాడ ఉన్నట్టే. సముద్రం ఒడ్డుకు ఉన్నామె, కవలల తల్లి. నేనే ఇక్కడ స్టీలు గిన్నెల మీద ఉన్న."

నవ్వుతూనే అన్నది. నా చేతిలోని టీ ఎందుకో తాగబుద్ధి కాలేదు.

కొత్త పిల్లలకు పరీక్ష ఎలా జరుగుతుందో చూపడానికి ఆమె ఒకసారి నన్నే అభ్యర్థిగా కూర్చోబెట్టింది. గడప దగ్గర గడియారం విప్పి వచ్చి కూర్చున్నది. ఎదురుగా నేను. ఇంగ్లిషులో నా పూర్తి పేరు అడిగింది. ఆమె నన్ను సార్ అనడమే తప్ప ఏనాడూ పేరుతో పిలిచింది లేదు. నా ఇంటిపేరు ఆమెకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. గోడ పక్కన పిల్లలు నిలబడి ఉన్నారు. నాకు నవ్వు వచ్చింది. మీకు తెలియని మనిషినా అన్నాను. ఆమె ముఖం కదలలేదు. ఎదురుచూసింది. ఆ చూపు నా ముఖం మీద కాక, నా ముఖం ఉండవలసిన చోటు మీద నిలిచినట్టున్నది. నోరు తెరిచాను, పేరు రాలేదు. నిజంగానే రాలేదు. ధన్యవాదాలని ఇంగ్లిషులో చెప్పి ఆమె తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

బయటికి వచ్చి గడియారం పెట్టుకుంటూ, మామూలు గొంతుతో అన్నది: "పేరు ఇయ్యకపోతిరి సార్. యాదుంచుకుంట."

సరిత సెంటరుకు వచ్చింది ఆ తరువాతే. హసన్‌పర్తి చెరువు దిగువన వాళ్లకు పొలం, పొలంలోనే ఇల్లు. నర్సింగ్ డిగ్రీ పూర్తిచేసి, ఒక ప్రైవేటు దవాఖానలో పనిచేసి మానేసి, ఐర్లండులో పై చదువుకు సీటు తెచ్చుకున్నది. ఆ సీటుకు ఒక షరతు ఉన్నది: మాట్లాడే విభాగంలో ఏడు రావాలి, అదీ తరగతులు మొదలయ్యేలోగా. అప్పటికే ఒకసారి రాసింది. వినడంలో, చదవడంలో, రాయడంలో ఏడుకు పైనే, మాట్లాడడంలో ఐదున్నర. ఇంగ్లిషు బాగా వచ్చిన పిల్లకు ఐదున్నర ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు. కారణం మొదటి నమూనా పరీక్షలోనే బయటపడింది. పేరు అడిగితే పలకదు. రెండోసారి అడిగినా పలకదు. మూడోసారి అడగగానే చక్కగా, తడబాటు లేకుండా చెబుతుంది. ప్రతి ప్రశ్నకూ అంతే.

పరీక్ష ముగిశాక మేడం ఆమెను బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. "ఏమైంది బిడ్డా? వినపడ్తలేదా?"

"వినపడ్తది మేడం. మా ఇంట్ల మొదటి పిలుపుకు పలుకరు."

"గదేంది?"

"మా నాయినమ్మ పలుకనియ్యది. చెరువు పక్కపొంటి ఇల్లు గద. సచ్చినోళ్లు ఒక్కపాలి పిలుస్తరట, మస్తంటే రెండుపాలు. మూడోపాలి పిలువలేరట. మూడోపాలి పిలిస్తే బతికున్న మనిషే. మా చిన్నతాత ఒక్క పిలుపుకే పలికి లేచి బయటికి పోయిండట. చెరువు కట్టమీద చెప్పులు దొరికినయ్. అప్పటిసంది మా ఇంట్ల ఎవ్వలం పలుకం. నేను కావాల్నని చేస్తలేను మేడం, చిన్నప్పటిసంది అలవాటు. నోరు దానంతలదే మూసుకుంటది."

పిల్లలెవరూ నవ్వలేదు. మేడం సోంపు నమలడం ఆపింది. మాట్లాడే పరీక్షలో తటపటాయింపు ధారాళతను తినేస్తుంది. ప్రశ్న అర్థం కాలేదని ఒకటి రెండుసార్లు మళ్లీ అడిగించుకోవచ్చు. ప్రతి ప్రశ్నకూ అది కుదరదు. పీటీఈ అనే మరో పరీక్ష రాయించుదామా అని నేను అన్నాను. అందులో ఎదురుగా మనిషి ఉండడు. మైకులో మాట్లాడితే యంత్రం వింటుంది. పది నుంచి తొంభై దాకా స్కోరు.

"దాంట్ల మూడు సెకండ్లు సప్పుడు చేయకపోతే మైకు బందైతది సార్" అన్నది మేడం. "ఈ పిల్ల పలికెటాళ్లకు యంత్రం ఇంటికి పోతది." సరితవైపు తిరిగింది. "ఇగ చూడు. నేను పిలిస్తే మాత్రం మొదటిపాలే పలుకాలె. నేను బతికే ఉన్న. నన్ను ముట్టి చూడు."

సరిత భయంభయంగా ఆమె మోచేతిని తాకింది.

ఆ రోజునుంచి మేడం ఆ పిల్లను వేటాడింది. మెట్ల మీద, నీళ్ల డబ్బా దగ్గర, తలుపు వెనుకనుంచి, అనుకోని క్షణంలో పూర్తి పేరుతో పిలిచేది. మొదట్లో సరిత ఉలిక్కిపడి బిగుసుకుపోయేది. క్రమంగా రెండో పిలుపుకు పలకసాగింది. చివరికి మొదటి పిలుపుకే, ఆలోచన కన్నా ముందే, "ఎస్ మేడం" అనడం వచ్చింది. నమూనా పరీక్షల్లో ఆరు, ఆరున్నర, ఏడు. నేను వరుసగా వేసుకున్న అంకెలు మెట్ల మాదిరిగా పైకి పోయాయి. "మీ నాయినమ్మకు చెప్పకు. నా తోలు తీస్తది" అని మేడం మురిసిపోయింది.

సరిత రెండోసారి పరీక్షకు తేదీ ఖాయమయింది. ఇంకా కొన్ని వారాలున్నాయనగా, ఒక మధ్యాహ్నం మేడం ఎప్పటిలాగే టీ తాగి మెట్లు దిగి వెళ్లింది. మరునాడు స్టీలు దుకాణం షట్టరు సగానికి దించి ఉన్నది. గుండె ఆగిపోయిందన్నారు. నేను వెళ్లేసరికి దుకాణం ముందు పడుకోబెట్టారు. మెడలో బంతిపూల దండ. పరకాల అబ్బాయి ఆ దండను ఒక్కసారి చూసి, వెనుదిరిగి రోడ్డు దాటిపోయాడు. ఆమె ముఖం మాత్రం నాకు బాగా తెలిసిన ముఖమే; గడప దాటిన తరువాతి ముఖం.

తాను రాలేని రోజుల కోసం ఆమె నమూనా పరీక్షలను తన గొంతుతో రికార్డు చేసి సెంటరు కంప్యూటరులో పెట్టింది. ఒక ప్రశ్న, జవాబుకు సరిపడా నిశ్శబ్దం, మరో ప్రశ్న, చివర ధన్యవాదాలు. పైగదిలో రికార్డు చేసినందువల్ల ఆ నిశ్శబ్దాల్లో కింది దుకాణం చప్పుళ్లు వినిపిస్తాయి: గిన్నెను గిన్నెలో దూర్చిన చప్పుడు, జారిపడిన పళ్లెం రింగుమంటూ తిరిగి ఆగిన చప్పుడు. ఆమె పోయిన వారానికే పిల్లలు ఆ రికార్డింగులు పెట్టుకుని మళ్లీ సాధన మొదలుపెట్టారు. పరీక్షలు ఎవరికోసమూ ఆగవు. ఆ చిన్న గది పక్కనుంచి వెళితే లోపల ఆమె అడుగుతూ ఉండేది, వాళ్లు చెబుతూ ఉండేవారు. అలవాటు కొద్దీ చివర థాంక్యూ మేడం అనేవారు. నాకు అది బాగా అనిపించలేదు. కాని మార్కులు తగ్గలేదు.

సరిత మాత్రం ఆ గదిలోకి రాలేదు. నచ్చజెప్పి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. రికార్డింగు మొదలయింది. ఆ గొంతు పూర్తి పేరు అడిగింది. సరిత పెదవులు వెంటనే విచ్చుకున్నాయి. ఆ గొంతుకు మొదటి పిలుపుకే పలకడం నేర్చిన నోరది. ఆ మరుక్షణం రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నది. నిశ్శబ్దంలో పళ్లెం మోగింది. ధన్యవాదాలు చెప్పి ఆ గొంతు తరువాతి ప్రశ్న అడిగింది.

"ఆమెకు పలుకుడు నేర్సుకున్న సార్. ఒక్కపాలికే" అంటూ ఏడ్చింది. "ఇప్పుడామె లేదు. కని పిలుస్తాంది."

"అది రికార్డింగు తల్లీ. ఆమె బతికున్నప్పుడు అడిగిన ప్రశ్నలే."

"రికార్డింగైతే ఎన్నిపాలు పిలుస్తది సార్?"

రికార్డింగును మొదటినుంచి నడిపి చూశాను. ప్రతి ప్రశ్నా ఒక్కసారే ఉన్నది.

వేరే గొంతుల రికార్డింగులు తెప్పించాను. ఎదురుగా కూర్చుని నేనే అడిగి చూశాను. ఎవరు అడిగినా ఆ పిల్లకు ముందు మేడం గొంతే వినపడుతున్నదట. ఏడు నుంచి ఆరుకు, ఆరు నుంచి ఐదుకు దిగింది. ఒకనాడు అసలు నోరే తెరవలేదు. పరీక్ష తేదీ దగ్గరపడింది. మళ్లీ రాద్దామంటే ఐర్లండు సీటుకు గడువు ఆగదు. తండ్రి వచ్చి మెట్ల కింద నిలబడి, పైకి రావడానికి మొహమాటపడి, ఫోనులో అడిగాడు: "సార్, మా బిడ్డ మాట్లాడుతాందా?"

ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశాను. గదిలోకి వచ్చి సరితను ఒక్కటే అడిగాను: మొదటి పిలుపుకు ఎవరైనా పొరపాటున పలికితే మీ నాయనమ్మ ఏం చేస్తుంది?

"చేసేదేం లేదు సార్. పలికినోళ్లదే ఆ పిలుపు. ఇగ పక్కనున్నోళ్లకు భయం లేదు."

"అంటే, ముందు మరొకరు పలికితే నీకు ప్రమాదం లేదు."

ఆమెకు నా మాట వెంటనే అందలేదు. అందిన తరువాత, "వద్దు సార్" అన్నది.

నాకు అభ్యంతరం కనిపించలేదు. నమ్మకం ఆమెది, నాది కాదు. నమ్మనివాడికి నష్టం లేదు, నమ్మినవారికి లాభం ఉన్నది. లెక్క స్పష్టం. బల్ల దగ్గర ఆమె పక్కనే కుర్చీ వేసుకుని రికార్డింగు మొదలుపెట్టాను. ఆ గొంతు పూర్తి పేరు అడిగింది. మేడం బతికి ఉండగా ఇవ్వని పేరును, ఇంటిపేరుతో సహా, స్పష్టంగా చెప్పాను. నిశ్శబ్దంలో గిన్నె చప్పుడు వినిపించలేదు. ఫ్యాను తిరుగుతున్న శబ్దం కూడా నాకు వినిపించలేదు. నా మాట ముగియగానే సరిత తన పేరు చెప్పింది. ఏ ఊరినుంచి వచ్చారని గొంతు అడిగింది. నేను హనుమకొండ అన్నాను. సరిత హసన్‌పర్తి అన్నది, ఆపై చెరువు గురించి, దాని మీది గాలి గురించి ఆగకుండా చెప్పుకుపోయింది. ప్రతి ప్రశ్నకూ ముందు నేను ఒక్క మాట పలికాను. తరువాత ఆమె మాట్లాడింది. పరీక్ష రోజు దాకా అలాగే చేశాం. అంకెలు మళ్లీ మెట్లెక్కాయి.

తండ్రితో కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్లి ఆమె పరీక్ష రాసింది. తిరిగి వచ్చిన మరునాడు సెంటరుకు వచ్చింది. అడగకముందే చెప్పింది.

"మొగాయన సార్, ఎగ్జామినర్. లోపటికి పోంగనే ఫుల్ నేమ్ అడిగిండు. నోరు మూసుకున్నది. గప్పుడు మీరు పలికినరు."

"నేనా?"

"మీరే. నా పక్కపొంటి. మీ పేరు, ఇంటిపేరు. నాకు మంచిగ వినపడ్డది సార్. ఆయనకు వినపడలే. మీరు పలికినంక నేను పలికిన. ప్రతిదానికి గట్లనే. ఆఖరుకు థాంక్యూ అన్నడు."

ఆ పూట నేను హనుమకొండలో, సెంటరులోని ఆ చిన్న గదిలోనే ఉన్నాను. పక్కన ఇద్దరు పిల్లలున్నారు, అడిగితే చెబుతారు. నోరు విప్పిన జ్ఞాపకం లేదు. సాధన వల్ల ఏర్పడిన భ్రమ అని సరితకు వివరించాను. ఆమె మర్యాదగా తల ఊపింది.

ఫలితం వచ్చింది. మాట్లాడడంలో ఏడున్నర. తండ్రి ఈసారి మెట్లెక్కి పైకి వచ్చాడు, చేతిలో మిఠాయి డబ్బాతో. వెనుక ఒక ముసలమ్మ, ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగుతూ. సరిత నాయనమ్మ. కుర్చీ చూపితే కూర్చోలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"పలికింది నువ్వేనా సారూ?"

"నేనేనమ్మా."

"మా పిల్ల పిలుపు నెత్తిన పెట్టుకున్నవ్. నీకు తెల్వక చేసినవ్. సదువుకున్నోనివి, నీకెవలు చెప్తరు." కొంగు ముడి విప్పి నల్లదారం తీసింది. నేను వద్దనేలోగానే నా మణికట్టుకు కట్టింది. పొలం పనికి అరిగిన ఆ వేళ్ల బలాన్ని నేను విడిపించుకోలేకపోయాను. "ఒక్కపాలి పిలిస్తే పలుకకు. రెండుపాలు పిలిచినా పలుకకు. మూడోపాలి పిలిస్తేనే పలుకు, గప్పుడు బతికున్న మనిషే. ఇంకోటి, ఆమె పేరు నోట్లకెల్లి తియ్యకు. రాయకు. రాసినా పిలిచినట్టే."

అందుకే ఈ కాగితాల్లో ఆమె పేరు లేదు. నేను నమ్మాననుకోకూడదు. పెద్దావిడకు మాట ఇచ్చాను, అంతే. దారాన్ని కూడా ఆ గౌరవంతోనే ఉంచుకున్నాను.

సరిత ఐర్లండు చేరింది. అక్కడినుంచి ఫోను చేసినప్పుడు, తరగతిలో ఎవరు పిలిచినా వెంటనే పలుకుతున్నానని చెప్పింది. తన పని పూర్తయినట్టే. నా సంగతి వేరు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ చిన్న గదిలో మార్కులు కూడుతున్నాను. పిల్లలు రాలేదు, కంప్యూటరు ఆపేసి ఉన్నది. కిటికీ అవతలినుంచి నా పేరు వినిపించింది. సార్ అని కాదు. ఇంటిపేరుతో మొదలుపెట్టి, పరీక్షలో చెప్పినట్టుగా, పూర్తి పేరు. గొంతు ఎవరిదో చెప్పనక్కరలేదు. దాని వెనుక ఒక స్టీలు పళ్లెం నేలమీద పడి, రింగుమంటూ తిరిగి, ఆగింది. కిటికీ తెరిచి చూశాను. కింద జిరాక్సు షాపు, చెప్పుల దుకాణం. గిన్నెలు అమ్మే చోటు రెండు వీధుల అవతల ఉన్నది. నేను పలకలేదు. ఒక్క పరిశీలన ఏమీ నిరూపించదని ఎన్నో ఏళ్లు నేనే పాఠం చెప్పాను. అలసట, జ్ఞాపకం, వాన చప్పుడు. మూడు కారణాలు వెంటనే దొరికాయి. అయినా సెంటరు పని మానేశాను.

మరో లెక్క కూడా నాలో నేను వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆమె స్కోరు ఇంకా చెల్లుబాటులో ఉన్నది గనుక ఆమె గొంతు కూడా ఏదో ఒక విధంగా చెల్లుతున్నదేమో. గడువు తీరిన రోజున రెండూ కలిసి ఆగిపోతాయి. ఇది తర్కం కాదని నాకు తెలుసు. కాని దానికి ఒక తేదీ ఉన్నది. తేదీ ఉన్నదానిని పట్టుకుని ఎదురుచూడగలను.

ఆ తేదీ ఇవాళే. పొద్దున స్నానం చేసి, దారాన్ని కత్తిరించి బల్లమీద పెట్టి, తలుపు వేసుకుని రాయడానికి కూర్చున్నాను. ఇవాళ్టితో ఆమె స్కోరు గడువు తీరిందన్న మొదటి వాక్యం రాసి చుక్క పెట్టాను. పిలుపు వినిపించింది. ఇంటిపేరు, పేరు. పళ్లెం పడి, తిరిగి, ఆగింది. ఈసారి గది బయట కాదు. బల్లకు అవతల, అభ్యర్థికి ఎదురుగా ఎగ్జామినర్ కూర్చునేంత దూరంలో.

పలకలేదు. తక్కినదంతా ఆ తరువాతే రాశాను.

రెండు పరిశీలనలు కూడా తక్కువే. మూడోసారి పిలిచేది బతికున్న మనిషేనని ముసలమ్మ లెక్క. నా లెక్క ప్రకారం ఆమె లేదు. దండ వేసి ఉండగా కళ్లారా చూశాను. ఈ రెండింట్లో ఏది సరైనదో తేలాలంటే మరొక్క పిలుపు కావాలి. రెండో కుర్చీని బల్లకు అవతల వేసి పెట్టాను. మొదటిసారి ఆమె ఎదురుగా కూర్చుని పేరు అడిగినప్పుడు నోరు పెగలక ఆమెను ఎదురుచూడనిచ్చాను. ఈసారి ఎదురుచూడనివ్వను.